గాలితో బంతిని విసిరే రోబో: న్యూమాటిక్ లాంచర్ కట్టడం ఎలా?

పోటీ రోబోకు మొదటిసారి న్యూమాటిక్ లాంచర్ కట్టినప్పుడు చాలా టీమ్‌లకు ఒకే అనుభవం ఎదురవుతుంది. సిలిండర్ (గాలి నింపితే లోపలి పిస్టన్ ముందుకు తోసుకొచ్చే గొట్టం) మీద పది కిలోల బరువు పెట్టినా పైకెత్తేస్తుంది. బంతి పెట్టి వదిలితే మాత్రం అది రెండడుగుల అవతల మెత్తగా పడుతుంది. అందరి చేతులూ గాలి ప్రెషర్‌ను సర్దే రెగ్యులేటర్ మీదికి వెళ్తాయి. ప్రెషర్ పెంచితే బంతి ఇంకో జానెడు దూరం పోతుంది, అంతే.

మా టీమ్ వారం రోజులు ఇలాగే గడిపింది. ప్రెషర్ పెంచడం, బంతి ఎక్కడ పడిందో సుద్దతో గీత గీయడం, మళ్ళీ పెంచడం. చివరికి సిలిండర్ రెండు చివరలా బిగించి ఉన్న ఫ్లో కంట్రోల్ ఫిట్టింగులు కంటపడ్డాయి. పిస్టన్‌ను నిదానంగా నడపడానికే వాటిని పెడతారు. అవి తీసి మామూలు ఫిట్టింగులు వేశాం. సన్నటి 4 మిల్లీమీటర్ల ట్యూబు తీసేసి 8 మిల్లీమీటర్లది పెట్టాం. రెగ్యులేటర్‌ను ముట్టుకోకుండానే బంతి వెళ్ళి గది అవతలి గోడకు తగిలింది.

ఈ పనికి ఆయువుపట్టు అక్కడే ఉంది. బరువు ఎత్తడానికి ప్రెషర్ చాలు. విసరాలంటే గాలి త్వరగా లోపలికి రావాలి, పిస్టన్‌కు అటువైపున్న గాలి అంతకంటే త్వరగా బయటికి పోవాలి. కింద చెప్పే ప్రతి పనినీ ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుని చేయండి.

1. రూల్ బుక్ చదివాకే డిజైన్

విద్యార్థుల రోబో పోటీ అయిన ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో ట్యాంకుల్లో 120 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ప్రెషర్ కొలత) వరకు నిల్వ చేసుకోవచ్చు. సిలిండర్లకు వెళ్ళే గాలి మాత్రం రెగ్యులేటర్ దాటాక 60 పీఎస్ఐ మించకూడదు. అంటే దాదాపు 8.3 బార్, 4.1 బార్. వెక్స్ వీ5 పోటీల్లో పరిమితి 100 పీఎస్ఐ. అక్కడ రోబో మీద కంప్రెసర్ (గాలి నింపే పంపు) ఉండదు, మ్యాచ్‌కు ముందే నింపుకొని వెళ్ళాలి. కాలేజీ విద్యార్థుల పోటీ ఏబీయూ రోబోకాన్‌లో 600 కిలోపాస్కల్, అంటే 6 బార్ పరిమితి వాడుతూ వచ్చారు. రూల్స్ ఏటా మారతాయి కాబట్టి ఈ అంకెలను మీ ఏడాది పుస్తకంతో సరిచూసుకోండి.

అంకెలతో పాటు ఇంకో మూడు విషయాలు వెతకండి. ట్యూబు, వాల్వ్ సైజుకు పరిమితి ఉందా? ప్రెషర్ హద్దు దాటితే గాలిని వదిలేసే సేఫ్టీ రిలీఫ్ వాల్వ్ ఎంత ప్రెషర్‌కు తెరుచుకోవాలి? గాలిని నేరుగా బంతి వెనక వదిలి తోసే గొట్టం తరహా లాంచర్‌ను ఒప్పుకుంటారా? ఈ మూడోదాన్ని అడగకుండా కట్టి, ఇన్‌స్పెక్షన్‌లో విప్పాల్సి వస్తే చాలా బాధగా ఉంటుంది. అందుకే ఈ గైడ్‌లో సిలిండర్‌తో చెయ్యిని (ఒక చివర ఇరుసు, ఇంకో చివర బంతి ఉండే కడ్డీని) తిప్పి విసిరే పద్ధతినే తీసుకుంటున్నాను.

2. గాలి నిజంగా అవసరమా?

మ్యాచ్‌లో పదుల కొద్దీ చిన్న బంతులు వరసగా విసరాలంటే తిరిగే చక్రాల లాంచర్ మేలు. దూరాన్ని బట్టి చక్రం వేగం మార్చుకోవచ్చు. న్యూమాటిక్స్ పెద్ద బంతికి, బరువైన వస్తువుకు, మ్యాచ్‌లో కొద్దిసార్లే ఒకే దూరం నుంచి విసరాల్సిన పనికి బాగా సరిపోతుంది. 2014 ఫస్ట్ పోటీ ఏరియల్ అసిస్ట్‌లో బంతి వ్యాసం రెండు అడుగులు. అలాంటి బంతిని చక్రాల మధ్య నుంచి పంపడం కంటే ఒక్క తోపుతో విసరడం సులువు. 2013 నాటి అల్టిమేట్ అసెంట్‌లో ఫ్రిస్బీలను చక్రాలే విసిరేవి. చాలా రోబోల్లో గాలి సిలిండర్ చేసిన పని వెనక నుంచి ఒక్కో డిస్క్‌ను చక్రం మీదికి నెట్టడం మాత్రమే. మీకు కావలసింది అదే అయితే చిన్న సిలిండర్ చాలు, ఈ గైడ్‌లో సగం మీకు అక్కర్లేదు.

గాలికి ఉన్న గొప్ప సుగుణం ఒకటుంది. మ్యాచ్ చివర్లో బ్యాటరీ వోల్టేజ్ పడిపోయినా విసురు బలం తగ్గదు. ట్యాంకులో ప్రెషర్ ఉన్నంతవరకు మొదటి బంతి ఎలా వెళ్ళిందో చివరిదీ అలాగే వెళ్తుంది.

3. కాగితం మీద లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. బంతి 270 గ్రాములు. గమ్యం 4 మీటర్ల దూరంలో, బంతి చేతిని వదిలే చోటు కంటే 1 మీటరు ఎత్తులో ఉంది. 55 డిగ్రీల కోణంలో విసిరితే బంతికి సెకనుకు సుమారు 7.1 మీటర్ల వేగం కావాలి. దానికి శక్తి దాదాపు 7 జౌళ్ళు. అర మీటరు పొడవు, 300 గ్రాముల బరువున్న చెయ్యి ఆ వేగంతో తిరగడానికి ఇంకో రెండున్నర జౌళ్ళు వేసుకోండి. మొత్తం పది లోపే.

ఇప్పుడు సిలిండర్. బలం అంటే ప్రెషర్‌ను పిస్టన్ వైశాల్యంతో హెచ్చవేయడమే. 4 బార్ దగ్గర 25 మిల్లీమీటర్ల బోర్ (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్ సుమారు 196 న్యూటన్ల బలం ఇస్తుంది. 40 మిల్లీమీటర్లదైతే 500 న్యూటన్లు. స్ట్రోక్ (పిస్టన్ నడిచే దూరం) 11 సెంటీమీటర్లు అనుకుంటే చిన్న సిలిండర్ 21 జౌళ్ళు, పెద్దది 55 జౌళ్ళు ఇవ్వగలదు. కాగితం మీద చూస్తే పెద్దదే కొనాలనిపిస్తుంది.

తొందరపడకండి, గాలి లెక్క కూడా వేయండి. చెయ్యి ఇరుసు నుంచి 8 సెంటీమీటర్ల దగ్గర సిలిండర్‌ను, 48 సెంటీమీటర్ల దగ్గర బంతిని పెట్టాం అనుకోండి. వేగం ఆరు రెట్లవుతుంది. బంతికి 7.1 కావాలంటే పిస్టన్ చివర్లో సెకనుకు దాదాపు 1.2 మీటర్ల వేగం అందుకోవాలి. సమంగా వేగం పుంజుకుంటే మొత్తం స్ట్రోక్‌కు పట్టేది 0.19 సెకను. ఆ కాస్త సమయంలో చిన్న సిలిండర్‌ను 4 బార్‌తో నింపాలంటే బయటి గాలి కొలతలో (నొక్కి పెట్టని మామూలు గాలిగా లెక్కిస్తే) నిమిషానికి సుమారు 90 లీటర్ల ప్రవాహం ఉండాలి. పెద్ద సిలిండర్‌కు 220 లీటర్లు. ఇది సగటు మాత్రమే, చివర్లో అవసరం దీనికి రెట్టింపు ఉంటుంది. చిన్న సొలెనాయిడ్ వాల్వ్ (కరెంటు కాయిల్‌తో తెరుచుకునే వాల్వ్) అంత గాలిని పంపలేదు. అప్పుడు పెద్ద సిలిండర్‌లో ప్రెషర్ పెరిగేలోపే స్ట్రోక్ అయిపోతుంది. ఆ 55 జౌళ్ళు కాగితం మీదే ఉండిపోతాయి.

నిల్వ విషయంలోనూ చిన్నదే గెలుస్తుంది. అర లీటరు ట్యాంకును 8.3 బార్‌కు నింపితే, అది 4.1 బార్‌కు దిగేలోపు బయటి గాలి కొలతలో 2.1 లీటర్లు వాడుకోవచ్చు. చిన్న సిలిండర్ ఒకసారి విసరడానికి, తక్కువ ప్రెషర్‌తో వెనక్కి రావడానికి కలిపి 0.38 లీటరు తింటుంది. అంటే ఐదు విసుర్లు. పెద్దదైతే రెండే. ట్యూబుల్లో వృథా అయ్యే గాలిని కలిపితే ఇంకా తగ్గుతుంది.

అందుకే నా సలహా: లెక్కలో వచ్చిన శక్తికి రెండు, రెండున్నర రెట్లు ఇచ్చే సిలిండర్ ఎంచుకోండి. అంతకంటే పెద్దది వద్దు.

4. గాలి దారి

ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు ఇదే.

కంప్రెసర్, ట్యాంక్, రెగ్యులేటర్, వాల్వ్, సిలిండర్. గాలి నడిచే వరస ఇది. ఈ దారిలో అన్నిటికంటే ఇరుకైన చోటు ఏదో అదే మీ లాంచర్ వేగాన్ని నిర్ణయిస్తుంది. మిగతావన్నీ ఎంత వెడల్పుగా ఉన్నా లాభం లేదు. కాబట్టి ట్యాంకు నుంచి సిలిండర్ దాకా ప్రతి ఫిట్టింగునూ చేతిలోకి తీసుకుని రంధ్రంలోంచి చూడండి. బయటికి లావుగా కనిపించే మోచేయి ఫిట్టింగులో లోపలి రంధ్రం చాలా సన్నగా ఉండొచ్చు. వీలైనన్ని చోట్ల తిన్నటి ఫిట్టింగులు వాడండి.

చాలా రెగ్యులేటర్లు అంత వేగంగా గాలి ఇవ్వలేవు. దీనికి మందు, రెగ్యులేటర్ తర్వాత, వాల్వ్‌కు ఆనుకుని ఒక చిన్న ట్యాంక్ పెట్టడం. విసిరేటప్పుడు గాలి ఆ ట్యాంకు నుంచి ఒక్కసారిగా వస్తుంది. తర్వాత రెగ్యులేటర్ దాన్ని తీరిగ్గా నింపుకుంటుంది. వాల్వ్ నుంచి సిలిండర్‌కు ట్యూబు జానెడుకు మించకుండా చూడండి. వాల్వ్‌లన్నీ ఒకచోట అందంగా అమర్చి అక్కడి నుంచి మీటరు ట్యూబు లాగడం కంటే, లాంచర్ వాల్వ్‌ను సిలిండర్ పక్కనే బిగించడం మంచిది.

ఇక బయటికి పోయే గాలి. పిస్టన్ ముందుకు దూకాలంటే సిలిండర్ లోపల రాడ్ (పిస్టన్‌కు బిగించి బయటికి వచ్చే కడ్డీ) వైపు గదిలో ఉన్న గాలి ఖాళీ అవ్వాలి. మామూలు అమరికలో ఆ గాలి మళ్ళీ ట్యూబులోంచి, వాల్వ్‌లోంచి, సైలెన్సర్‌లోంచి నెమ్మదిగా పోవాలి. అంతసేపూ అది పిస్టన్‌ను వెనక్కి నెడుతూనే ఉంటుంది. సిలిండర్ రాడ్ వైపు పోర్టుకే (గాలి రంధ్రానికే) క్విక్ ఎగ్జాస్ట్ వాల్వ్ బిగిస్తే గాలి అక్కడికక్కడే బయటికి పోతుంది. ఈ చిన్న భాగం ఇచ్చే తేడా రెగ్యులేటర్ మరను ఎంత తిప్పినా రాదు. దాని మీద ఏ రంధ్రం సిలిండర్‌కు, ఏది వాల్వ్‌కు, ఏది బయటికి అన్నది గుర్తులు చూసి బిగించండి. తారుమారైతే సిలిండర్ అసలు కదలదు, లేదా గాలి ఆగకుండా కారుతుంది.

ఇంకా మంచి మార్గం, రాడ్ వైపు గాలే పెట్టకపోవడం. ఆ పోర్టును తెరిచి ఉంచి, చెయ్యిని రబ్బరు తాడుతోనో స్ప్రింగుతోనో వెనక్కి లాగండి. ఎదురు గాలి ఉండదు, వెనక్కి రావడానికి గాలి ఖర్చూ ఉండదు. రబ్బరు తాడు విసురు బలంలో కొంత తింటుంది కాబట్టి చెయ్యిని వెనక్కి తేవడానికి సరిపోయేంత మాత్రమే బిగించండి.

5. గడియ పెట్టి వదలడం

గాలి దారి సరిచేసినా దూరం చాలకపోతే గడియ పద్ధతికి వెళ్ళండి. చెయ్యిని ఒక కొక్కెంతో పట్టి ఉంచి, సిలిండర్‌లోకి గాలి వదలాలి. అర సెకనులో లోపల పూర్తి ప్రెషర్ చేరుతుంది, రాడ్ వైపు గాలి కూడా ఆలోపే బయటికి పోతుంది. అప్పుడు కొక్కెం తీస్తే పిస్టన్ మొదటి మిల్లీమీటరు నుంచే పూర్తి బలంతో కదులుతుంది. వింటినారి లాగి పట్టుకుని వదిలినట్టే.

కొక్కెం ఆకారం జాగ్రత్తగా గీయండి. చెయ్యి లాగే బలం కొక్కెం ఇరుసు గుండా పోయేలా ఉంటే, తీయడానికి చిన్న సర్వో మోటారో, వేలంత సిలిండరో చాలు. ఆ గీత ఇరుసుకు పక్కగా పోతే కొక్కెం బిగుసుకుపోతుంది, లేదా దానంతటదే జారిపోతుంది. జారే ప్రమాదమే ఎక్కువ భయపెట్టాలి. కొక్కెం, దాన్ని తగిలే పిన్ను రెండూ స్టీలువి కావాలి. త్రీడీ ప్రింట్ చేసిన ప్లాస్టిక్ కొక్కెం మొదటి రోజు బాగానే పనిచేస్తుంది, అంచు అరిగాక నమ్మలేం.

6. చెయ్యి, ఆపుడు దిమ్మ

చెయ్యి చివర ఎంత తేలికగా ఉంటే అంత మంచిది. ఇరుసు దగ్గర బరువు పెద్దగా నష్టం చేయదు, బంతి దగ్గర ప్రతి గ్రామూ లెక్కే. పల్చటి అల్యూమినియం గొట్టం గానీ కార్బన్ ఫైబర్ గొట్టం గానీ వాడండి. చివర తొట్టె బంతిని ప్రతిసారీ ఒకే చోట కూర్చోబెట్టాలి. దూరం ఒక్కోసారి ఒక్కోలా వస్తుంటే ముందు తొట్టెను అనుమానించండి, గాలిని తర్వాత.

బంతి పైకి ఏ కోణంలో వెళ్తుందన్నది చెయ్యి ఎక్కడ ఆగుతుందో దాన్ని బట్టి ఉంటుంది. నిట్టనిలువుగా ఆగితే బంతి నేలకు సమాంతరంగా పోతుంది. నిలువుకు 55 డిగ్రీల ముందే ఆగితే సుమారు 55 డిగ్రీల పైకోణంలో పోతుంది. కాబట్టి చెయ్యికి అడ్డుపడి ఆపే దిమ్మను, అంటే ఆపుడు దిమ్మను, జరిపే వీలుండాలి. బోల్టు రంధ్రాన్ని పొడుగ్గా కోస్తే సరిపోతుంది.

చెయ్యి వేగాన్ని ఆ దిమ్మే మింగాలి. సిలిండర్ చివరి మూతకు ఆ దెబ్బ తగలనివ్వకండి. స్ట్రోక్ ఇంకా 5 మిల్లీమీటర్లు మిగిలి ఉండగానే చెయ్యి దిమ్మను తాకాలి. మందపాటి రబ్బరు గానీ, నైలాన్ పట్టీ గానీ పెట్టండి. సిలిండర్ రెండు చివరలా పిన్ను మీద తిరిగే బిగింపులు ఉండాలి. ఒక చివర కదలకుండా బిగిస్తే రాడ్ పక్కకు వంగుతుంది, సీలు పోతుంది. రాడ్ చివర మర దగ్గర లాక్ నట్, థ్రెడ్ లాకర్ రెండూ వేయండి. విసిరే సిలిండర్లలో నేను చూసిన విరుగుళ్ళలో ఎక్కువ భాగం ఆ మర దగ్గరే.

7. వాల్వ్, వైరింగ్

ఒక కాయిల్ ఉన్న వాల్వ్ కరెంటు పోగానే మొదటి స్థితికి వస్తుంది. రెండు కాయిల్స్ ఉన్నది ఎక్కడుందో అక్కడే నిలిచిపోతుంది. లాంచర్‌కు ఒక కాయిల్ వాల్వే వాడండి. కరెంటు లేనప్పుడు సిలిండర్‌లోని గాలి బయటికి పోయే స్థితి ఉండేలా ట్యూబులు కలపండి. అప్పుడు ఎమర్జెన్సీ స్టాప్ నొక్కినా, వైరు ఊడినా, గడియ వెనక దాగి ఉన్న బలం దానంతటదే పోతుంది.

పైలట్ తరహా వాల్వ్‌లు తమ లోపలి స్పూల్‌ను (గాలి దారి మార్చే కడ్డీని) కదపడానికి కూడా గాలినే వాడుకుంటాయి. వాటికి సాధారణంగా 1.5 నుంచి 2 బార్ కనీస ప్రెషర్ కావాలి. అంతకంటే తక్కువకు దించి పరీక్షిస్తే కాయిల్ టక్కుమంటుంది గానీ సిలిండర్ కదలదు. అది ప్రోగ్రామ్ తప్పు అనుకుని గంటలు పోగొట్టుకోకండి. కాయిల్ 12 వోల్టులదా 24 వోల్టులదా అన్నది చూసుకోండి. మైక్రోకంట్రోలర్‌తో ట్రాన్సిస్టర్ ద్వారా నడుపుతుంటే కాయిల్‌కు అడ్డంగా డయోడ్ తప్పనిసరి.

ప్రోగ్రామ్‌లో రెండు షరతులు పెట్టండి: బంతి తొట్టెలో ఉందని సెన్సార్ చెప్పాలి, చిన్న ట్యాంకులో ప్రెషర్ అనుకున్న పరిధిలో ఉండాలి. బంతి లేకుండా చెయ్యి దూకితే ఆ శక్తంతా దిమ్మ మీద, బోల్టుల మీద పడుతుంది.

8. లీకులు

ట్యూబును పదునైన కట్టర్‌తో అడ్డంగా తిన్నగా కోయండి. కత్తెరతో కోస్తే చివర నలిగి ఫిట్టింగులో గాలి కారుతుంది. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మొదటి మరను వదిలేయండి, లేకపోతే టేపు ముక్క తెగి వాల్వ్‌లో ఇరుక్కుంటుంది. పూర్తి ప్రెషర్ నింపి, కంప్రెసర్ ఆపి, పావుగంట గేజ్ చూడండి. నింపిన వెంటనే ముల్లు కొద్దిగా దిగితే కంగారుపడొద్దు, వేడెక్కిన గాలి చల్లబడుతోంది. ఆ తర్వాత కూడా దిగుతుంటే ప్రతి కీలుకూ సబ్బు నీళ్ళు రాయండి. నీళ్ళు వాల్వ్ కాయిల్ మీద పడకుండా చూసుకోండి.

9. మొదటి విసురుకు ముందు

ఇక్కడ నేను మొహమాటం లేకుండా చెబుతాను. రక్షణ కళ్ళద్దాలు పెట్టుకోనివాళ్ళు గదిలో ఉండకూడదు. ఒకరు గట్టిగా చెప్పి, మిగతావాళ్ళు బదులిచ్చాకే మీట నొక్కాలి. లాంచర్ చెయ్యి తిరిగే దారిలోకి ఎవరి చేతులూ, తలా రాకూడదు. బంతి పెట్టేటప్పుడు లాంచర్ చెయ్యికి అడ్డంగా ఎర్ర పట్టీ కట్టిన స్టీలు పిన్ను గుచ్చి ఉండాలి. ట్యాంకులోని గాలి మొత్తం ఒక్క తిప్పుతో వదిలేసే చేతి వాల్వ్ బయటికి కనిపించే చోట ఉండాలి. ఏ మర విప్పాలన్నా ముందు గేజ్ సున్నా చూపాలి.

నీళ్ళకు వాడే పీవీసీ పైపును గాలి ట్యాంకుగా ఎప్పుడూ వాడొద్దు. అది పగిలితే చీలదు, పెంకుల్లా ఎగురుతుంది. గాలి కోసమే తయారైన, ప్రెషర్ పరిమితి ముద్రించి ఉన్న ట్యాంకులే తీసుకోండి. వాటికి రంధ్రం పెట్టడం, వెల్డింగ్ చేయడం కూడదు.

మొదటి పరీక్ష 2 బార్‌తో మొదలుపెట్టండి. అర బార్ చొప్పున పెంచుతూ, ఒక్కో మెట్టులో పది బంతులు విసిరి, ఎక్కడ పడ్డాయో రాసుకోండి. సగటు దూరం కంటే బంతులు ఎంత చెల్లాచెదురుగా పడ్డాయన్నదే ముఖ్యం. దూరం ఎక్కువైపోతే ప్రెషర్ తగ్గించడం సులువు. చెల్లాచెదురుగా పడుతుంటే వరసగా చూడండి: తొట్టెలో బంతి కుదురు, విసురుకూ విసురుకూ మధ్య ప్రెషర్ నిండే సమయం, గడియ జారే తీరు, చివరగా బంతుల్లోనే తేడా. మొబైల్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే బంతి తొట్టెను ఎప్పుడు వదులుతోందో కంటికి కనిపిస్తుంది.

రెండు వేర్వేరు దూరాలు కావాలంటే మ్యాచ్ మధ్యలో రెగ్యులేటర్ మార్చడం కుదరదు. చెయ్యికి రెండు సన్నటి సిలిండర్లు పక్కపక్కన పెట్టి, దగ్గరికి ఒకదాన్ని, దూరానికి రెండింటినీ వాడండి. ఖాళీగా ఉన్న సిలిండర్ రెండు పోర్టులూ బయటి గాలికి తెరిచి ఉండాలి, లేకపోతే అది చెయ్యిని పట్టి లాగుతుంది. వాల్వ్‌ను కొన్ని మిల్లీసెకన్ల ముందే మూసి బలం తగ్గించే పద్ధతీ ఉంది. వాల్వ్ స్పందించడానికే పది నుంచి ముప్పై మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి దాన్ని కుదర్చడానికి చాలా ఓపిక కావాలి.

పోటీ రోజున టూల్ బాక్సులో అదనపు రాడ్ ఎండ్ (రాడ్ చివర బిగించే కీలు), ఒక వాల్వ్, ఒక క్విక్ ఎగ్జాస్ట్, రెండు మీటర్ల ట్యూబు, ఆపుడు దిమ్మకు ఇంకో రబ్బరు ముక్క ఉంచుకోండి. కంప్రెసర్ చాలా కరెంటు లాగుతుంది, కాబట్టి వీలైనంత గాలి మ్యాచ్ మొదలయ్యే ముందే నింపుకోండి. మ్యాచ్ అయ్యాక రోబోను ఎత్తే ముందు పిన్ను గుచ్చండి, గాలి వదిలేయండి, గేజ్ చూడండి.